అంకె పెద్దదైనంత మాత్రాన ఫోన్ కొత్తదైపోదు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో సెకండ్ హ్యాండ్ ఫోన్ బేరం తెలుగులో సాగినా ఒడియాలో సాగినా చివరికి పేరులోని అంకె దగ్గరే తెగుతుంది. శాంసంగ్ ఏ51, ఏ15 పక్కపక్కన పెట్టారనుకోండి, 51 పెద్దది కాబట్టి అదే కొత్తదనుకుని పిల్లల చదువుకని డబ్బు కూడబెట్టిన తండ్రులు దానికే మొగ్గుతారు. ఇది వాళ్ల తెలివితక్కువతనం కాదు, పేర్లు అలా పెట్టారు.

ఈ సిరీస్‌లో మొదటి అంకె ఫోన్ స్థాయి, రెండోది తరం. ఏ51 మన దేశంలోకి 2020 జనవరిలో వచ్చింది, ఏ15 2023 చివర్లో. స్థాయిలో ఏ51 పైదే, కానీ దాని ఆండ్రాయిడ్ 13తోనే ఆగిపోయింది. ఏ15 ఆండ్రాయిడ్ 14తో మొదలైంది, దానికి అయిదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోన్‌లోకి దొంగలు చొరబడే లొసుగుల్ని పూడ్చే మార్పులు, ఇస్తామని కంపెనీ చెప్పింది. బ్యాంకు యాప్, యూపీఐ అన్నీ అందులోనే నడిపే ఇంటికి ఈ తేడా కెమెరా కంటే చాలా ముఖ్యం.

మిగతా ఫోన్లదీ ఇదే వరస. ఐఫోన్ 9 అసలు రాలేదు, వన్‌ప్లస్ 3టీ తర్వాత నేరుగా 5 వచ్చింది, గెలాక్సీ ఎస్10 తర్వాత 2020లో ఎస్20కి దూకారు. 2022 నాటి ఐఫోన్ 14లో పెట్టింది అంతకుముందు ఏడాది 13 ప్రోలో ఉన్న చిప్పే.

అసలు సంగతి తెలియాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి మోడల్ నంబర్ చూడాలి. ఎస్‌ఎం-ఏ155ఎఫ్ అని ఉంటే 4జీ ఏ15, ఎస్‌ఎం-ఏ156ఈ అని ఉంటే 5జీ ఏ15. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. ఐఫోన్‌లో ఆ నంబర్ ఎం అక్షరంతో మొదలైతే కొత్తగా అమ్మింది, ఎఫ్ అయితే కంపెనీ బాగుచేసి మళ్లీ అమ్మింది, ఎన్ అయితే పాతదానికి బదులుగా ఇచ్చింది. దుకాణం ముందు నిలబడే చూసుకోవచ్చు, నిమిషం పట్టదు. ఆ నంబర్‌ని నెట్‌లో కొడితే ఫోన్ మొదట ఎప్పుడొచ్చిందో కూడా తెలిసిపోతుంది. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి గానీ వాటిని చూసి మోసపోకండి, ఎప్పుడో వచ్చిన మోడల్ని కూడా నిన్నమొన్న తయారుచేసి ఉండొచ్చు.

ఈ వెతుకులాటంతా కొనేవాడి నెత్తిన వేయడం అన్యాయం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీలు చెప్పి తీరాలి. మన దగ్గర మోడల్ మొదట వచ్చిన సంవత్సరం, అప్‌డేట్లు ఆగిపోయే తేదీ రెండూ పెట్టె ముందువైపే, ధర పక్కనే అచ్చు వేయించాలి.