భయపడనివ్వరు, నవ్వనివ్వరు, ఏడవనివ్వరు

తెలుగులో దెయ్యం సినిమాకి వెళ్లినవాడు కళ్లు మూసుకుని కూర్చున్నా దెయ్యం ఎప్పుడొస్తుందో చెప్పగలడు. ముందు వయొలిన్లు సన్నగా మొదలవుతాయి, తర్వాత గుండె చప్పుడు లాంటి డ్రమ్ము, ఆ తర్వాత అరుపు. కామెడీలో జోకు పడగానే వెనకాల ఓ వింత శబ్దం వచ్చి ఇక్కడ నవ్వాలని గుర్తుచేస్తుంది. కుటుంబ కథలో తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకునే లోపే వేణువు అందుకుంటుంది. మూడు రకాల సినిమాలకీ పట్టిన జబ్బు ఒక్కటే: తొందర. ప్రేక్షకుడు భయపడే ముందే సినిమా భయపడిపోతుంది, వాడు నవ్వే ముందే నవ్వేస్తుంది, వాడికి ఏడుపు రాకముందే ఏడ్చేస్తుంది. ఇక వాడికి చేయడానికి మిగిలేది సెల్‌ఫోన్ చూసుకోవడమే.

హారర్‌తో మొదలుపెడదాం, జబ్బు బాగా ముదిరింది అక్కడే కాబట్టి.

ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు. వంటింట్లో స్టీలు పళ్లెం జారిపడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది ఒంటికి పుట్టుకతో వచ్చిన స్పందన, దానికి దర్శకుడు అక్కర్లేదు. భయం మాత్రం కట్టాల్సిన పని. ముందు ఆ గది ఎలా ఉందో, తలుపు ఎటు ఉందో, మంచం కింద ఎంత జాగా ఉందో ప్రేక్షకుడికి తెలియాలి. తర్వాత చప్పుళ్లు ఒక్కొక్కటే తగ్గాలి: ఫ్యాను ఆగాలి, ఫ్రిజ్ రొద ఆగాలి, వీధిలో కుక్క ఆగాలి. పాత్ర ఓ వైపు చూడాలి, మనమూ అటే చూడాలి. అక్కడ ఏమీ లేదని తేలి ఊపిరి వదిలాక, ఒకటి రెండు సెకన్లు ఆగి, మనం చూడని వైపు నుంచి అది రావాలి. ఇందులో అసలు పనిచేసేది ఆ వదిలిన ఊపిరి. మనవాళ్లు కత్తిరించేస్తున్నది సరిగ్గా దాన్నే. సంగీతం ముందే పెంచితే ప్రేక్షకుడు ఒళ్లు బిగించుకుని కూర్చుంటాడు, బిగించుకున్నవాణ్ని ఎవరూ కదిలించలేరు. పైగా ఇంటర్వెల్ లోపు అలాంటివి ఐదారు పెడితే మూడోదానికే ఒళ్లు అలవాటు పడిపోతుంది. నాలుగోది వట్టి చప్పుడు.

1992లో వచ్చిన రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' ఇప్పటికీ పనిచేస్తోందంటే కారణం ఈ ఓపికే. పాడుబడిన బంగళా లేదు, తెల్లచీర లేదు. మామూలు ఇల్లు, మామూలు కుటుంబం, కారు కింద పడి చచ్చిపోయిన ఓ పిల్లి. పట్టపగలే మనిషి జాడ లేని వీధి చూపించి భయపెట్టగలిగింది ఆ సినిమా. వెలుగులో భయపెట్టడం చీకట్లో భయపెట్టడం కంటే కష్టం, అందుకే అది ఎక్కువ కాలం మనసులో ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత 2022లో 'మసూద' మళ్లీ ఆ దారి పట్టింది. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న తల్లి, పక్కింట్లో పిరికివాడైన కుర్రాడు. ఆ కుర్రాడు పిరికివాడు కావడమే ఆ కథ బలం. కండలు తిరిగిన హీరో పక్కనుంటే దెయ్యం గురించి ఎవరికీ దిగులుండదు. కానీ 'మసూద' కూడా రెండో సగంలో జారింది: ఊళ్లు తిరగడం, వెతకడం, మంత్రతంత్రాల హడావుడి పెరిగేకొద్దీ ఆ ఇంట్లో పుట్టిన భయం పలచబడిపోయింది.

'అరుంధతి' గురించి నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. 2009లో వచ్చిన ఆ సినిమా గొప్ప పగ కథ. హారర్ అనిపించేది మాత్రం సగానికి సగం పి.రవిశంకర్ గొంతు వల్లే. సోనూ సూద్ శరీరానికి ఆ డబ్బింగ్ తగలకపోతే పశుపతి అనే విలన్ పేరు ఇన్నేళ్లు నిలిచేది కాదు. దెయ్యాన్ని చూపించడం కంటే వినిపించడం బలమైన పని అన్న పాఠం అక్కడ కళ్లెదుటే ఉంది. తర్వాత వచ్చినవాళ్లు గ్రాఫిక్స్ తీసుకున్నారు, గొంతు వదిలేశారు.

మరో రోగం ఫ్లాష్‌బ్యాక్. దెయ్యం ఎందుకు దెయ్యమైందో అరగంట చెప్పాలన్నది మన లెక్క. ఆమెకు అన్యాయం జరిగింది, ఆమెది న్యాయమైన పగ. ఇది తెలిసిన క్షణం నుంచి మనకు జాలి మొదలవుతుంది, భయం లేచి వెళ్లిపోతుంది. 'విరూపాక్ష' (2023) రుద్రవనం అనే ఊరిని, ఆ ఊరి కట్టుబాటుని, వరస చావులని చాలా శ్రద్ధగా కట్టింది. అంతా విప్పిచెప్పే చివరి భాగానికి వచ్చేసరికి అది లెక్క అప్పజెప్పడంలా మారింది. తెలియనితనం హారర్‌కి పెట్టుబడి. దాన్ని చివరి రూపాయి దాకా ఖర్చుపెట్టేస్తే ఇంటికెళ్లే ప్రేక్షకుడి చేతిలో ఏమీ ఉండదు.

తప్పంతా తీసినవాళ్లదే కాదు, ఆడించే చోటా ఉంది. తెర మీద తెల్లటి వెలుగు, దాన్ని కొలిచే లెక్కలో 14 ఫుట్‌లాంబర్ట్‌లు ఉండాలన్నది డిజిటల్ సినిమా ప్రమాణం. ప్రొజెక్టర్ దీపం వయసైపోయినా మార్చని హాల్లో అది బాగా పడిపోతుంది. పగటి సీన్లలో ఎవరూ గుర్తుపట్టరు. హారర్‌లో మాత్రం మూలన నిలబడ్డ ఆకారం నల్లటి ముద్దలో కలిసిపోయి, సగం భయం కనిపించకుండానే పోతుంది. శబ్దానిదీ ఇదే గొడవ. హాల్లో శబ్దాన్ని నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద 7 అన్న అంకె దగ్గర ఉంచితే, సినిమా శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్‌లో విన్న స్థాయి వస్తుంది. చెవులు చిల్లులు పడేలా మిక్స్ చేసిన సినిమాలు వరసగా వస్తుంటే జనం గోల పెడతారు, ఆపరేటర్ దాన్ని 5కి దించుతాడు. అంటే 6 డెసిబెళ్లకు పైగా కోత. పెద్ద శబ్దాలు అప్పటికీ వినిపిస్తాయి, గుసగుసలు ఏసీ హోరులో మునిగిపోతాయి. ఒకరు చేసిన మోత పక్కవాడి నిశ్శబ్దాన్ని చంపేస్తోందన్నమాట.

ఇక హారర్ కామెడీ. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక ఇదో పరిశ్రమ అయిపోయింది. 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది', ఇలా ఏటా ఒకటో రెండో. నిర్మాతకు ఇందులో ఉన్న సుఖం సులభంగానే అర్థమవుతుంది: ఒకటే ఇల్లు, ఐదారుగురు నటులు, తక్కువ రోజుల షూటింగ్, స్టార్ అక్కర్లేదు. ప్రేక్షకుడికి దక్కేది మాత్రం రెండు సగాలు, రెండూ పచ్చివే. భయం కాస్త పొంగుతుందనగానే కమెడియన్ వచ్చి నీళ్లు చల్లుతాడు. ఈ రెంటినీ కలపడానికి ఓ పద్ధతి ఉంది: జోకు భయపడుతున్న మనిషి నుంచి రావాలి, దెయ్యం మాత్రం జోకులు వేయకూడదు, దెబ్బలు తినకూడదు. దెయ్యం చెంపదెబ్బ తిని ఎగిరిపడే సీను ఒక్కసారి నవ్విస్తుంది. ఆ తర్వాత ఆ దెయ్యం పనికిరాదు. 'ఆనందో బ్రహ్మ' (2017) కాస్త తేటగా ఉండటానికి కారణం మొత్తం పద్ధతినే తిరగేయడం. మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడతాయని మొదటే తేల్చేసుకుంది కాబట్టి రెండు పడవల మీద కాళ్లు పెట్టాల్సిన అవసరం దానికి రాలేదు.

కామెడీ దగ్గరికొస్తే తెలుగువాళ్లకు అప్పు పడాల్సిన పని లేదు, ఇంట్లోనే ఆస్తి ఉంది. జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987)లో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఆ సీనులో కోట ఒక్కసారైనా నవ్వడు, కన్నుగీటడు. ఆయన దృష్టిలో అది పొదుపు, పూర్తిగా న్యాయమైన పని. తను నవ్వు పుట్టిస్తున్నానని పాత్రకు తెలియకపోవడం కామెడీకి మొదటి షరతు. ఇవాళ్టి కమెడియన్లలో చాలామంది జోకు వేస్తున్నట్టు ముందే ముఖం పెడతారు. ముఖం చూడగానే జోకు సగం ఖర్చయిపోతుంది.

రెండో షరతు కెమెరాది. నవ్వు జోకు వేసినవాడి దగ్గర పుట్టదు, విన్నవాడి ముఖంలో పుడుతుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే ఎవర్ని ఎప్పుడు చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడు. డైలాగుకో క్లోజప్ చొప్పున కోసుకుంటూ పోతే టైమింగు నటుడి చేతిలోంచి ఎడిటర్ చేతిలోకి వెళ్లిపోతుంది. డబ్బింగూ ఇలాగే దెబ్బతీస్తుంది. సెట్లో ఎదుటివాడి మీద పడుతూ మాట్లాడిన మాట, నెలల తర్వాత గాజుగదిలో ఒంటరిగా చెబితే అదే వేగంతో రాదు. 2016లో 'పెళ్లిచూపులు' సినిమాని, మాటలు సెట్లోనే రికార్డు చేసే సింక్ సౌండ్‌తో తీశారు. ఆ సినిమా సంభాషణలు జనం నోట్లోంచి వచ్చినట్టుండటానికి రాతతో పాటు ఇదీ కారణం. ఆ రాతకు జాతీయ అవార్డు వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

మారువేషాలతో విలన్ ఇంట్లో చేరి నాటకమాడే శ్రీను వైట్ల పద్ధతిని ఇప్పుడు అందరూ తిట్టిపోస్తారు. ఆ తిట్లు ఆయనకు కాదు, ఆయన్ని అనుకరించినవాళ్లకు చెందాలి. 'ఢీ' (2007), 'రెడీ' (2008), 'దూకుడు' (2011) సినిమాల్లో ఎవరు ఎవరికి ఏ అబద్ధం చెప్పారో, ఏది ఎవరికి తెలియకూడదో ప్రేక్షకుడికి ప్రతి నిమిషం స్పష్టంగా తెలుసు. 'దూకుడు'లో కోమా నుంచి లేచిన తండ్రికి షాక్ తగలకూడదు, అందుకే ఇంటిల్లిపాదీ నాటకం ఆడాలి. అబద్ధానికి ఓ బరువైన కారణం ఉంది, బయటపడితే నష్టం ఉంది, ఆ భయంలోంచే నవ్వు. అనుకరించినవాళ్లు విలన్ ఇంటిని తీసుకున్నారు, మారువేషాలు తీసుకున్నారు. బయటపడితే ఏమవుతుందన్నది మర్చిపోయారు. ఏమీ కానప్పుడు ఎవరికీ నవ్వు రాదు.

టీవీ స్కిట్లు తెలుగు కామెడీని పాడుచేశాయన్న మాట బాగా తిరుగుతోంది. అందులో సగమే నిజం. స్కిట్‌కి నిడివి పది నిమిషాల లోపు, కాబట్టి వాక్యానికో పంచ్ కావాలి, పాత్ర పెరిగే వ్యవధి ఉండదు. ఆ లయనే రెండున్నర గంటలకు సాగదీస్తే అలసట వస్తుంది. పొట్టివాణ్ని పొట్టివాడని, నల్లపిల్లని నల్లపిల్లని అనడం జోకుగా చలామణి కావడం ఇంకా పెద్ద నష్టం, అది సోమరితనం, క్రూరత్వం కూడా. కానీ ఆ స్కిట్ల వేదిక మీద ఏళ్లపాటు నిలబడ్డ వేణు యెల్దండి 2023లో 'బలగం' తీశాడు. శిక్షణ ఎక్కడ దొరికిందన్నది కాదు, ఆగడం తెలుసా అన్నదే ప్రశ్న.

'బలగం' దగ్గర కాస్త ఆగాలి. డ్రామా ఎలా కట్టాలో తెలుగులో ఈ మధ్య ఇంత సూటిగా చూపించిన సినిమా లేదు. ముసలాయన చనిపోతాడు. గొడవ దేని మీద? ఎప్పుడో అల్లుడి పళ్లెంలో పడని నల్లిబొక్క, అంటే మూలుగ ఉన్న మాంసపు ఎముక, మీద. ఆస్తి తగాదా అని చెబితే ప్రేక్షకుడు తల ఊపి ఊరుకునేవాడు. నల్లిబొక్క అనేసరికి ప్రతి ఇంటికీ తమ ఇంటి అలక గుర్తొచ్చింది. డ్రామాకి పెద్ద సంఘటన అక్కర్లేదు, చేత్తో పట్టుకోగల వస్తువు కావాలి. ఇక నడక: మూడో రోజు చనిపోయినవాడి పేరిట పిట్టకు, అంటే కాకికి, పెడతారు, ముట్టదు. ఐదో రోజు ముట్టదు. పదకొండో రోజు ముట్టకపోతే? ఎదురుచూపు ఆచారంలోనే ఉంది, రచయిత ఎక్కడినుంచో తెచ్చి అతికించింది కాదు. చివరి పాట పెద్దది, బిగ్గరగా ఏడిపించేది. ఆ మాట ఒప్పుకోవాలి. అయినా అది ఎందుకు చెల్లిందంటే, అది వెనక వాయించిన సంగీతం కాదు. జానపద గాయకులు కొమురమ్మ, మొగిలయ్య తెర మీదే నిలబడి, చనిపోయినవాడి ఇంటివాళ్ల ముందే పాడారు. తెర మీది మనుషులు ఆ పాట విని కదిలారు, వాళ్లను చూసి మనం కదిలాం. తెలంగాణ ఊళ్లలో వీధిలో తెర కట్టి జనమంతా కలిసి చూడటం ఊరికే జరగలేదు.

2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం' ఇంకో దారిలో అదే చేసింది. విశాఖలోని ఆ పేట మనుషులే నటులు. వాళ్లకు ఏడవడం సరిగా రాదు, అదే మేలయింది. తెర మీదివాళ్లు కన్నీళ్లన్నీ వాళ్లే కార్చేస్తే కూర్చున్నవాడికి కార్చడానికేం మిగలదు. పాత్ర ఆపుకుంటున్న కన్నీరే ప్రేక్షకుడి కంట్లోకి వస్తుంది.

ఈ వరసలో పుట్టిన కొత్త పొరపాటు ఒకటుంది. మధ్యతరగతి కథ అంటే పాత వస్తువుల పట్టిక అనుకోవడం: టేప్ రికార్డర్, లూనా, దూరదర్శన్ యాంటెనా. వస్తువు గుర్తుచేస్తుంది, కదిలించదు. 'మిడిల్ క్లాస్ మెలోడీస్' (2020)లో బొంబాయి చట్నీ కదిలించిందంటే అది గుంటూరులో హోటలు నిలబడుతుందా లేదా అన్న ప్రశ్నకు ముడిపడి ఉంది కాబట్టి. టేప్ రికార్డర్‌కీ అలాంటి ముడి వేయండి, అదీ పనిచేస్తుంది.

ఇంట్లో చూసేవాళ్లకు రెండు మాటలు. టీవీలో నైట్ మోడ్ అనో, వాల్యూమ్ లెవలింగ్ అనో ఉండే సెట్టింగు చిన్న శబ్దాల్ని పెంచి, పెద్దవాటిని తగ్గిస్తుంది. హారర్ చూసేటప్పుడు అది తీసేయాలి, లేదంటే నిశ్శబ్దానికీ అరుపుకీ తేడానే ఉండదు. హాల్లో నవ్వు కోసం ఎడిటర్ వదిలిన రెండు మూడు సెకన్లు ఇంట్లో ఒంటరిగా చూస్తే ఖాళీగా తోస్తాయి. అది సినిమా తప్పు కాదు, నలుగురితో కలిసి చూడాల్సిన సినిమా అది.

తీసేవాళ్లు చేయగలిగింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. రీరికార్డింగ్‌కి ముందు, సంగీతం ఒక్క ముక్క కూడా లేని కాపీని సినిమాతో సంబంధం లేని పదిమందికి చూపించాలి. తెర వైపు కాకుండా వాళ్ల ముఖాల వైపు తిరిగి కూర్చోవాలి. ఎక్కడ ఒళ్లు ముందుకు వంచారో, ఎక్కడ ఫోను తీశారో నిమిషం, సెకను రాసుకోవాలి. ఫోను తీసిన చోటికి వయొలిన్లు పంపకుండా, ఆ సీనునే మళ్లీ కోయాలి.