దంచితేనే పుట్టే ఘాటు

(దేవరకొండలో ఉండే మా పెద్దమ్మ బీపీ మాత్రలు మానేసి, పొద్దున్నే నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు మింగుతోంది. ఫార్మసీ చదువుతున్న మా చెల్లెకు ఆ సంగతి తెలిసింది. నేను పక్కనే కూర్చుని విన్న వాదన ఇది.)

చెల్లె: నమలకుండా మింగుతున్నావట పెద్దమ్మా?

పెద్దమ్మ: నమిలితే నోరు వాసన. ఎట్లయినా కడుపులోకి పోయేదే కదా బిడ్డా.

చెల్లె: దంచని గడ్డకు అంత వాసన ఉంటుందా? రెబ్బలో అల్లిన్ అనే పదార్థం ఒక చోట, దాన్ని మార్చే అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట ఉంటాయి. దంచినా నమిలినా ఆ రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు దానిదే. 1944లో కావలిటో, బెయిలీ అనే ఇద్దరు దాన్ని విడదీసి, బ్యాక్టీరియాను చంపుతుందని చూపించారు. నువ్వు మింగిన రెబ్బలో ఎంజైమ్‌ను కడుపులోని యాసిడ్ పనిచేయనివ్వదు.

పెద్దమ్మ: సరే, దంచి పోపులో వేస్తా.

చెల్లె: దంచిన వెంటనే కాగే నూనెలో వేస్తే ఎంజైమ్ పాడైపోతుంది. పది నిమిషాలు ఆగి వేస్తే కొంత గుణం మిగులుతుంది.

పెద్దమ్మ: మా అమ్మ ఎల్లిపాయ కారం దంచి పక్కన పెట్టి, ఆ తర్వాతే పొయ్యి అంటించేది. ఆమెకు ఏ కాలేజీ నేర్పింది?

(ఇక్కడ మా చెల్లె దగ్గర జవాబు లేదు. నాకు పెద్దమ్మ మాటే నచ్చింది.)

పెద్దమ్మ: అంత గుణముంటే మాత్ర ఎందుకు? అది వేసుకుంటే పాదాలు వాస్తున్నయి.

చెల్లె: ఆ మాట డాక్టరుకు చెప్పాలి, మాత్ర మారుస్తారు. ఎల్లిగడ్డతో బీపీ కొంత తగ్గిందని కొన్ని పరీక్షల్లో తేలింది, కాదనను. కానీ అది మాత్రకు బదులు కాదు. కొలెస్ట్రాల్ సంగతి చూడు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ వాళ్ల పరీక్ష వచ్చింది. 192 మందిలో కొందరికి పచ్చి ఎల్లిగడ్డ, కొందరికి ఎల్లిగడ్డ మాత్రలు ఆరు నెలలు ఇచ్చారు. చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదు. పైగా ఎల్లిగడ్డలో పుట్టే అజోయీన్ అనే పదార్థం రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఎక్కువ తింటే ప్రమాదం.

పెద్దమ్మ: అయితే అడవి గడ్డ తెప్పిస్తా. నక్కఉల్లిగడ్డకు ఇంకా బలమంటరు.

చెల్లె: వద్దు పెద్దమ్మా! పేరులో ఉల్లి ఉన్నా అది ఎల్లిగడ్డ కులానిది కాదు. దాంట్లో గుండె కొట్టుకునే తీరునే మార్చే విషాలున్నాయి. ఎల్లిగడ్డకు నిజమైన అడవి చుట్టాలు వేరే. యూరప్ అడవుల్లో పెరిగే ఒకదాని ఆకులు తింటారు, నలిపితే ఇదే ఘాటు. అక్కడా దాన్ని పోలిన విషపు ఆకులు కోసుకుని జనం ఆస్పత్రి పాలయ్యారు. వాసన చూసి కోద్దామంటే, ఒక ఆకు నలిపాక చేతికే వాసన అంటుతుంది. ఇక ఏ ఆకు పట్టుకున్నా అదే అనిపిస్తుంది.

పెద్దమ్మ: (చాలాసేపు ఊరుకుని) కారం మాననమ్మా.

చెల్లె: మానమన్నది ఎవరు? మాత్రలు మానొద్దంటున్నా. పద, ముందు బీపీ చూపించుకుందాం.

పెద్దమ్మ: అల్మారాలో మాత్రల డబ్బా ఉంది, తీసుకురా. ఎన్ని రోజులు మానేసిన్నో డాక్టరుకు నేనే చెప్తా.