చెవులు కోసినా క్వేకర్లు ఎందుకు ఆగలేదు?

ఇంగ్లండ్ చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న కఠిన ప్రొటెస్టెంట్లు ప్యూరిటన్లు. వాళ్లు మత స్వేచ్ఛ కోసం సముద్రం దాటి అమెరికా వెళ్లారన్నది సగం నిజమే. తమ ఆరాధన తమ పద్ధతిలో చేసుకునే చోటు వాళ్లకు కావాలి. ఆ స్వేచ్ఛ అందరికీ ఇస్తామని వాళ్ల మసాచుసెట్స్ కాలనీ ఏనాడూ మాటివ్వలేదు.

1656 జులైలో బార్బడోస్ నుంచి మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే క్వేకర్ మహిళలు ఆ కాలనీలోని బోస్టన్‌లో దిగారు. పూజారి అక్కర్లేదని, దేవుడి వెలుగు ప్రతి మనిషిలో ఉందని నమ్మే క్రైస్తవ శాఖ క్వేకర్లది. అప్పటికి క్వేకర్ల మీద అక్కడ చట్టమే లేదు. అయినా వాళ్ల పుస్తకాలు తగలబెట్టారు. మంత్రగత్తె గుర్తులున్నాయేమోనని బట్టలు విప్పించి వెతికారు. ఎవరూ పలకరించకుండా జైలు కిటికీని చెక్కలతో మూసేశారు. ఐదు వారాలయ్యాక ఓడెక్కించి పంపేశారు.

చట్టం అక్టోబరులో వచ్చింది. క్వేకర్లను తెచ్చిన ఓడ కెప్టెన్‌కు 100 పౌండ్ల జరిమానా, వచ్చినవాళ్లకు కొరడా దెబ్బలు. 1657లో ఇంకా బిగించారు. వెళ్లగొట్టాక తిరిగొచ్చిన మగవాడికి మొదటిసారి ఒక చెవి, మరోసారి రెండోది కోస్తారు. మూడోసారి కాల్చిన ఇనుముతో నాలుకకు చిల్లు. వాళ్లకు ఇంట్లో చోటిచ్చినవారికి గంటకు 40 షిల్లింగుల జరిమానా. నన్ను ఆగి ఆలోచింపజేసేది ఈ గంటల లెక్కే. పాలకుల భయం వచ్చినవాళ్ల కంటే, వాళ్లకు తలుపు తీసే సొంత ఊరివాళ్ల మీదే ఎక్కువని ఇది చెబుతోంది.

1658లో ముగ్గురి కుడి చెవులు కోశారు. ఫలితం లేకపోయింది. తిరిగొస్తే ఉరి అనే చట్టం అదే ఏడాది ప్రతినిధుల సభలో ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది.

పక్కనే ఉన్న రోడ్ ఐలాండ్ కాలనీని కూడా క్వేకర్లను వెళ్లగొట్టమని 1657లో ఒత్తిడి చేశారు. రోడ్ ఐలాండ్ ఇచ్చిన జవాబు గొప్పది: స్వేచ్ఛగా మాట్లాడనిచ్చి, మాటతోనే ఎదుర్కొనే చోటికి రావాలని వీళ్లకు పెద్దగా ఉండదు, హింసే వీళ్లకు అనుచరులను తెచ్చిపెడుతుంది. బోస్టన్ పట్టించుకోనిది ఇదే. దెబ్బ తినడానికి సిద్ధపడి వచ్చినవాడికి దెబ్బే సాక్ష్యం.

మేరీ డయర్ అనే క్వేకర్ మహిళ ఇల్లు రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో. అక్కడ ఆమెకు ఏ భయమూ లేదు. అయినా బోస్టన్‌కే వచ్చింది. 1659 అక్టోబరు 27న ఇద్దరు సహచరులను ఆమె కళ్లముందే ఉరితీశారు. వాళ్ల మాటలు జనానికి వినపడకుండా డ్రమ్ములు మోగించారు. మెడకు తాడు వేశాక ఆమెను దించి, ఊరు దాటించారు. మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న ఉరితీశారు.

ఉరులు ఆగింది 1661లో, రెండో చార్లెస్ రాజు ఆజ్ఞతో. బండి వెనక కట్టి ఊరూరా కొరడాతో కొట్టడం ఆ తర్వాతా సాగింది.

రోడ్ ఐలాండ్ అంచనా కూడా పూర్తిగా నిజం కాలేదు. క్వేకర్లు అక్కడా పెరిగారు. వాళ్ల సిద్ధాంతమంటే గిట్టని, రోడ్ ఐలాండ్ స్థాపకుడు రోజర్ విలియమ్స్, 70కి దగ్గరపడ్డ వయసులో, 1672లో పడవ వేసుకుని న్యూపోర్ట్ వెళ్లి మూడు రోజులు వాళ్లతో బహిరంగంగా వాదించాడు. అప్పుడు ఆ కాలనీ గవర్నరు నికొలస్ ఈస్టన్, ఆయనా క్వేకరే.