గరుడసేవ నాడు బల్లి చేసిన పని

తిరుపతిలో ఉండేవాళ్ళు చానామంది గరుడసేవ నాడు కొండెక్కరు. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద టూవీలర్లు ఆపేస్తారు, బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, మాడ వీధుల్లో గ్యాలరీ దొరకాలంటే పొద్దున్నుంచీ ఎండలో కూర్చోవాల. అందుకే బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు సాయంత్రం అయ్యేసరికి మా వీధి వీధంతా టీవీల ముందరే ఉంటుంది. మా మిద్దె ఎక్కితే ఎదురుగా కొండే కనపడతా ఉంటుంది, కానీ ఆ కొండ మీద ఊరేగే స్వామి 36,000 కిలోమీటర్ల పైనుండే శాటిలైట్ దాకా పోయి, మళ్ళా అదే మిద్దె మీదుండే డిష్ గొడుగులో పడి, వైర్లో దిగి, మా అవ్వ ముందరికి వస్తాడు. ఇది టెక్నాలజీ అవ్వా అని చెప్తే "మెట్లు దిగి వచ్చినా ఇంతకంటే బిరీన వస్తాడు కదరా" అనింది.

పోయిన బ్రహ్మోత్సవాలకి అవ్వ వీధిలో ఆడోళ్ళనందర్నీ పిలిచేసింది. శనగల గుగ్గిళ్ళు చేసింది, చాప పరిచింది, టీవీకి బొట్టు కూడా పెట్టింది. ఎస్వీబీసీలో గరుడ వాహనం అట్లా బయటికొస్తా ఉంది, అందరూ గోవిందా అన్నారు, టప్ అనింది, తెర నల్లగా అయిపోయింది. ఇంకోసారి గోవిందా అన్నారు గానీ అది వేరే అర్థంలో.

కోతులు గొడుగుని తిప్పేసినాయేమో అని మిద్దె మీదికి పోయి చూస్తే గొడుగు బాగానే ఉంది. కిందకొచ్చి టీవీ సెట్‌టాప్ బాక్సు దగ్గర వాసన చూస్తే కాలిన వాసన, పైన గాలాడే సందుల్లోంచి సన్నగా తోక ఒకటి బయటికి కనపడతా ఉంది. బల్లి. బాక్సు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కదా, లోపల కాపురం పెట్టినట్టుంది.

ఎదురింటి పాప ఫోన్లో అదే లైవ్ పెట్టింది, పదిమంది ఆ ఫోన్ చుట్టూ తలకాయలు పెట్టి చూసినారు, అవ్వ ఫోన్‌కే హారతిచ్చింది. ఆ పాపని బాక్సు ఫీజు ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

మర్నాడు టెక్నీషియన్ వచ్చినాడు. మంచి పిల్లోడే, ఎండలో వచ్చినాడు, మజ్జిగ తాగినాడు, స్క్రూలు విప్పి బల్లిని పేపర్ ముక్కతో తీసి పక్కన పెట్టినాడు. తర్వాత మొదలుపెట్టినాడు. "అన్నా, ఇది ఫిజికల్ డ్యామేజ్. వారంటీలోకి రాదు. కొత్త బాక్సు కొనాల, విజిట్ ఛార్జి 250."

"బాక్సు కంపెనీది కదప్పా, నేనెందుకు కొనాల?"

"లేదన్నా, బాక్సు మీదే."

సరే నాదే అనుకుందాం అని, పోయినేడు వేరే కంపెనీకి మారదామని ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ వాళ్ళే బాక్సు మాది, కనెక్షన్ వద్దంటే వెనక్కివ్వాల అన్నారే అని అడిగినా. "అది కట్ చేసుకుంటే అన్నా. కాలిపోతే మీది" అన్నాడు. ఎంత తేటగా చెప్పినాడో చూడండి. బాగున్నన్నాళ్ళూ వాళ్ళది, పాడైన నిమిషం నుంచీ మనది. అద్దె ఇంట్లో బోరు మోటారు కాలిపోతే ఓనరే కదా చేయించాల, ఇక్కడ మాత్రం ఓనరే వచ్చి మోటారు డబ్బులడుగుతాడు.

అవ్వ బీరువాలో బిస్కెట్ డబ్బాలోంచి పాత రసీదు తీసినా. 1,700 రూపాయలు, ఎదురుగా ఒకే మాట "యాక్టివేషన్". నేనూ ఊరికే ఉండే మనిషిని కాదు, టీవీ, ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2017లో పెట్టిన రూల్సు చదివినా. 2024లో తీసేసేదాకా యాక్టివేషన్‌కి 100, ఇన్‌స్టలేషన్‌కి 350 మించకూడదని ఉండేది, బాక్సు కావాలంటే కొనుక్కునే స్కీము వేరే, అద్దె స్కీము వేరే చూపించాల. రెండూ కలిపినా 450, మరి మిగతా 1,250 దేనికయ్యా, దీని ముందర కొబ్బరికాయ కొట్టినందుకా? బాక్సుకే అంటే బాక్సు నాది, నాదైతే వేరే కంపెనీ కనెక్షన్ దీంట్లో ఎందుకు రాదు? ఫోన్ కొంటే ఏ సిమ్ అయినా వేసుకుంటాం కదా. ఏ బాక్సులో అయినా ఏ కంపెనీ అయినా వచ్చేటట్టు చేయండి అని 2020లోనే ట్రాయ్ కేంద్రానికి సిఫార్సు పంపింది. మా అవ్వ బాక్సు దాకా అయితే అది ఇంకా రాలేదు.

ఇంతకీ మా అవ్వ చూసే ఎస్వీబీసీ ఫ్రీ చానల్. 2008 నుంచీ టీటీడీనే నడుపుతా ఉంది, పైసా అడగదు. ఫ్రీ చానల్ ఫ్రీగానే వస్తుంది, అది వచ్చే దారికి మాత్రం డబ్బులు, దాని పేరు నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. 2019లో కొత్త టారిఫ్ వచ్చినప్పుడు 100 చానళ్ళకి 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే డబ్బుకి 200 చానళ్ళు చేసినారు, సంతోషం, అవ్వ చూసేది ఒకటే కాబట్టి మిగతా 199 కూడా ఆమె ఖాతాలోనే. 2024లో ఆ ఫీజు మీద పైకప్పు కూడా తీసేసినారు, ఎంత తీసుకోవాలో కంపెనీల ఇష్టానికే వదిలేసినారు. ఈ దారి డబ్బులు తీసుకునేది చాలక దారి మధ్యలో ఉండే డబ్బాకి కూడా మనమే కట్టాలంటే ఎట్లా అనేదే నా బాధ. వైర్లకీ, మనుషులకీ ఖర్చవుతుంది, కాదనను. ఏది దేనికో రసీదులో రాయమంటున్నా, అంతే.

ఇదంతా ఆ పిల్లోడికి చెప్తా ఉంటే పాపం వాచీ చూసుకుంటా ఉన్నాడు. లోపల అవ్వ పంచాంగం తిరగేస్తా ఉంది, వెనక పేజీల్లో బల్లి పాటు ఫలితాలుంటాయి కదా, తల మీద పడితే ఏమి, భుజం మీద పడితే ఏమి అని. సెట్‌టాప్ బాక్సులో పడితే ఏమో ఎవరూ రాయలేదు. అద్దాలు తీసి పక్కన పెట్టి బయటికొచ్చింది.

"నాయనా, ఈ డబ్బా ఎవరిది?"

ఆ పిల్లోడు ఉషారుగా "పాత బాక్సు కంపెనీకి ఇచ్చేయాల అవ్వా, ఎక్స్‌ఛేంజ్‌లో 300 తగ్గుతుంది" అన్నాడు. అంటే మళ్ళా వాళ్ళదైపోయింది.

"అట్లయితే మంచిది. స్వామి వాహనం మీద ఉండంగా దీంట్లో బల్లి సచ్చింది. ఎవరి డబ్బా అయితే వాళ్ళకే దోషం. నువ్వే కంచికి పోయి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకోని రా. ఇంట్లో చిన్నపిల్లోళ్ళు ఉండారా నీకు?"

ఆ పిల్లోడు చేతిలో బాక్సు టక్కున కింద పెట్టేసినాడు. "వద్దులే అవ్వా, బాక్సు మీదే, మీరే పెట్టుకోండి."

"అదేదో కాయితం మీద రాయప్పా" అన్నా. జాబ్ షీట్ మీద బాక్సు కస్టమర్‌ది అని రాసి, సంతకం పెట్టి, ఆ 300 కూడా తనే తగ్గించేసినాడు. విజిట్ ఛార్జి మాత్రం వదల్లేదు.

కొత్త బాక్సుకి కూడా ఇట్లాంటి కాయితం ఒకటి రాసియ్యి అంటే, బండి స్టార్ట్ చేస్తా "దానికి ఇంకో బల్లి పడాలన్నా" అని పోయినాడు.