మా టీవీ మూలన అతుక్కున్న 1 ఎంఎస్ స్టిక్కర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1 ఎంఎస్ (అనగా ఒక మిల్లీసెకండ్, సెకనులో వెయ్యో వంతు) గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా... ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ అబద్ధమెందుకు, కుశలమంతా మీ వైపే ఉంది. టీవీ కింద కుడి మూలన, వెండి రంగు మీద నల్లటి అంకెతో, పక్కన చిన్న మెరుపు బొమ్మ కూడా వేయించుకుని తళతళలాడుతున్నారు. నేనైతే ఆదివారం మధ్యాహ్నమంతా ఫోన్‌లో స్లో మోషన్ వీడియోలు ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ నా బొటనవేలు నేనే చూసుకుంటూ కూర్చున్నా. మనిషి తన బొటనవేలిని అంతసేపు చూడకూడదండి. గోరు పక్కన చిన్న మచ్చ ఉందని ఇన్నేళ్లకి తెలిసింది.

దీనికంతటికీ కారణం తమరే కాబట్టి తమరికే రాస్తున్నా.

శనివారం రాత్రి స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేము ర్యాంక్డ్‌లో వరసగా ఏడు మ్యాచులు పోయాయి. ఓడిపోవడం నాకు కొత్తేం కాదు, ఓడినప్పుడల్లా ఉత్తరాలు రాసే అలవాటూ లేదు. కానీ ఈసారి ఓడిన తీరే వేరు. అవతలివాడు డ్రైవ్ ఇంపాక్ట్ (నెమ్మదిగా వచ్చే పెద్ద దెబ్బ, టైముకి నేనూ అదే నొక్కితే తిప్పికొట్టొచ్చు) కొడుతున్నాడు, నాకు కనబడుతోంది, నేను నొక్కుతున్నా, నొక్కానని నా వేలికి తెలుసు, అయినా నా క్యారెక్టర్ వెళ్లి గోడకి అతుక్కుంటోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. టీవీ ఏదో లేటుగా చూపిస్తోందిరా అన్నా. మా తమ్ముడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. నేను వదల్లేదు. అప్పుడు తలెత్తి, చెయ్యి చాపి, తమరిని చూపించాడు. "అక్కడ రాసే ఉంది కదన్నా, 1 ఎంఎస్ అని. ఇంకెక్కడి లేటు?"

అంతే, కేసు కొట్టేశారు. సాక్షి తమరు, జడ్జి వాడు, ముద్దాయి నేను. మద్దెల నిర్దోషి.

అసలు బాధ ఏంటంటే తమరు అబద్ధం చెప్పలేదు. చెప్పుంటే హాయిగా తిట్టి వదిలేసేవాణ్ణి. తమరు చెప్పింది రెస్పాన్స్ టైమ్, అంటే ఒక పిక్సెల్ ఒక బూడిద రంగు నుంచి ఇంకో బూడిద రంగుకి మారడానికి పట్టే టైమ్. అది కూడా చాలాసార్లు ఓవర్‌డ్రైవ్ (పిక్సెల్‌ని గట్టిగా తోసి తొందరగా మార్చే సెట్టింగ్) ఫుల్లుగా పెట్టి, అన్ని మార్పుల్లోకీ ఏది బాగా ఫాస్టుగా వస్తే దాన్ని ఏరుకుని చెప్పే లెక్క. మామూలుగా ఎవరూ అలా పెట్టుకుని ఆడరు, ఎందుకంటే ఓవర్‌డ్రైవ్ అంత పెడితే కదిలే ప్రతి బొమ్మకీ వెనకాల తెల్లగా ఒక తోక మొలుస్తుంది. పోనీ అదీ ఒప్పుకుందాం. నేనడిగింది అది కాదు కదండీ. కేబుల్లోంచి సిగ్నల్ టీవీలోకి వచ్చాక బొమ్మ స్క్రీన్ మీద పడేదాకా ఎంతసేపు పడుతుంది అని అడిగా. దాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. ఆ మాట డబ్బా మీద ఆరు వైపులా తిప్పి చూశా, ఎక్కడా లేదు. బస్సు ఎన్నింటికొస్తుందని అడిగితే "మా డ్రైవర్ తలుపు సెకన్లో తీస్తాడండి" అన్నట్టుంది మీ వరస.

సరే మద్దెల ఓడో కాదో నేనే తేలుస్తానని దిగా.

మొదటి గంట పాత పద్ధతి. ల్యాప్‌టాప్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, అదే బొమ్మని తమ్ముడి మానిటర్‌కీ టీవీకీ ఒకేసారి ఇచ్చి, రెండూ కలిపి ఫోటో తీసి తేడా లెక్కేయడం. ఒకప్పుడు మానిటర్ బదులు పాత సీఆర్‌టీ (వెనకాల డబ్బాలా ఉబ్బి ఉండే పాతకాలం టీవీ) పక్కన పెట్టేవాళ్లు, దానికి సొంత ల్యాగ్ దాదాపు ఉండదు కాబట్టి తేడా అంతా ఎల్సీడీ నెత్తిన వేసేయొచ్చు. మాకు సీఆర్‌టీ లేదు. పైగా స్టాప్‌వాచ్ మిల్లీసెకండ్లు చూపిస్తున్నట్టు నటిస్తుంది గానీ 60 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకి 60 బొమ్మల మీద, బొమ్మ మారేది 16.7 మిల్లీసెకండ్లకి ఒకసారే, మధ్యలో అంకెలు ఎవరూ చూడరు. ఇక ఫోటోలో అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అన్నీ 8 లాగే కనబడ్డాయి. నలభై ఫోటోలు తీశా, నలభైట్లోనూ ఎనిమిదులే.

తర్వాత ఫోన్. సెకనుకి 240 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి 4.17 మిల్లీసెకండ్లు. ఇదే ఫోన్‌లో 960 అని ఇంకో మోడ్ ఉంది, దాంట్లో సగం ఫ్రేములు ఫోనే ఊహించి గీసేస్తుందని తర్వాత తెలిసింది, వీడూ మీ బంధువే అన్నమాట. కంట్రోలర్ స్క్రీన్ ముందు పెట్టి, బటన్ నొక్కిన ఫ్రేమ్ నుంచి క్యారెక్టర్ చెయ్యి కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాలి. వినడానికి బావుంది. చేసి చూడండి. బటన్ మీద వేలు ఉంటుంది కాబట్టి బటన్ కనబడదు, అది ఎంత లోతుకి దిగితే నొక్కినట్టో ఎవడికీ తెలీదు, పైగా నొక్కడం గేమ్ ఫ్రేములో మొదట్లో పడిందా చివర్లో పడిందా అన్నదాన్ని బట్టే నాలుగు ఫోన్ ఫ్రేముల తేడా వచ్చేస్తుంది. బటన్‌కి ఎల్‌ఈడీ వైరు కలిపి చేసేవాళ్లు ఉన్నారు, దండం పెడతా వాళ్లకి. నాకు సోల్డరింగ్ రాదు. అందుకే ఇరవైసార్లు నొక్కి సగటు తీశా.

46 ఫ్రేములు. 192 మిల్లీసెకండ్లు.

గుండె ఆగినంత పనైంది. దాంట్లో కంట్రోలర్ వాటా, కన్సోల్ వాటా, గేమ్ వాటా అన్నీ ఉన్నాయి, ఒప్పుకుంటా, అన్నీ టీవీ మీద తోసేయడం అన్యాయం. అప్పుడు మెనూలోకి వెళ్లి చూస్తే గేమ్ మోడ్ (బొమ్మకి మెరుగులు దిద్దడం మానేసి తొందరగా చూపించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంది. కొన్న రోజే ఆన్ చేసినవాణ్ణి నేను. శుక్రవారం రాత్రి అప్‌డేట్ ఒకటి తనంతట తనే ఎక్కి, పోతూ పోతూ దాన్ని ఆఫ్ చేసి పోయింది. (గేమ్ మోడ్ గారూ, మీకూ ఒక ఉత్తరం బాకీ. ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకీ విడివిడిగా పుట్టే మీ జన్మరహస్యం గురించి అందులో మాట్లాడుకుందాం. కన్సోల్ పెట్టగానే లో లేటెన్సీకి దానంతట అదే మారే ఏఎల్ఎల్ఎం అనే ఏర్పాటు 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది, మా టీవీలోనూ ఉంది, అది కూడా వేరే పేరుతో, నాలుగు మెనూల కింద, ఆఫ్‌లో.)

ఆన్ చేసి మళ్లీ ఇరవైసార్లు నొక్కా. 22 ఫ్రేములు, 92 మిల్లీసెకండ్లు. అదే గేమ్, అదే కంట్రోలర్, అదే వేలు, కాబట్టి మధ్యలో ఉన్న 24 ఫ్రేములు, సరిగ్గా 100 మిల్లీసెకండ్లు, టీవీ తన సొంత సరదాకి వాడుకున్న టైమ్. బొమ్మని నున్నగా చేయడానికట. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేము పుట్టించాలంటే రెండోది వచ్చేదాకా మొదటిదాన్ని పట్టుకుని కూర్చోవాల్సిందే కదా, దానికితోడు మచ్చలు తుడవడం, అంచులు చెక్కడం, కాంట్రాస్ట్ సర్దడం. సినిమాకి ఏం చేసుకున్నా నాకనవసరం. ఫైటింగ్ గేములో 100 మిల్లీసెకండ్లంటే ఆరు ఫ్రేములు (ఫోన్‌వి కాదు, సెకనుకి 60 వచ్చే గేమ్ ఫ్రేములు). స్ట్రీట్ ఫైటర్ 6లో ఫాస్ట్ జాబ్, అంటే చిన్న గుద్దు, నాలుగు ఫ్రేముల్లో తగులుతుంది. అంటే అవతలివాడు జాబ్ మొదలెట్టి, కొట్టేసి, నాకు తగిలేశాక కూడా మా టీవీలో వాడింకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

డ్రైవ్ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేములు, 433 మిల్లీసెకండ్లు. అందులోంచి 192 తీసేస్తే నా కంటికీ మెదడుకీ వేలికీ కలిపి మిగిలేది 241. ఊరికే లైటు వెలిగితే బటన్ నొక్కమంటేనే మామూలు మనిషికి 200 నుంచి 250 పడుతుంది, ఇక్కడ లైటు కాదు, ఒకడు నన్ను తన్నబోతున్నాడు, వాడు తంతాడో దూకుతాడో ఆగుతాడో కూడా చూసుకోవాలి. గేమ్ మోడ్‌లో అదే లెక్క 341 వస్తుంది. ఏడు మ్యాచులు మాస్టారూ. ఏడు.

సాయంత్రం ఫ్రెండ్ దగ్గర్నుంచి లియో బోడ్నార్ ల్యాగ్ టెస్టర్ కూడా తెచ్చా, ఎందుకంటే తమ్ముడు నా బొటనవేలి సాక్ష్యం చెల్లదన్నాడు. అరచేతిలో పట్టే చిన్న డబ్బా, హెచ్‌డీఎంఐ పెడితే స్క్రీన్ మీద మూడు తెల్లపట్టీలు మిణుకుమంటాయి, వెనకున్న లైట్ సెన్సార్‌ని పట్టీ మీద ఆనిస్తే నంబర్ చెప్పేస్తుంది. కంట్రోలర్ లేదు, గేమ్ లేదు, వేలు లేదు, టీవీ వాటా ఒక్కటే. గేమ్ మోడ్ లేకుండా మధ్యపట్టీ దగ్గర 113. గేమ్ మోడ్‌లో పైన 6, మధ్యలో 14, కింద 21. మూడు చోట్లా మూడెందుకంటే బొమ్మ పైనుంచి కిందకి గీత గీతగా వస్తుంది, 60 హెర్ట్జ్‌లో కిందకి చేరడానికే దాదాపు 16 మిల్లీసెకండ్లు పడుతుంది. అందుకే ఎవడైనా ల్యాగ్ ఇంత అన్నాడంటే మధ్యలో కొలిచాడా పైన కొలిచాడా అడగాలి, అడక్కపోతే ఆ నంబర్‌కి అర్థం లేదు.

113లోంచి 14 తీస్తే 99. ఫోన్‌లో 100 వచ్చింది. ఒక్క మిల్లీసెకండ్ తేడా. బహుశా అది తమరేనేమో.

ఇక మీరు, తమరు అనడం నా వల్ల కాదు. ఒరేయ్ స్టిక్కరూ, అన్నీ ఆపేసి, పోర్టు మార్చి, గేమ్ మోడ్ పెట్టి, నా ఆదివారం తగలేస్తే వచ్చిన నంబర్ 14. నువ్వు 1. 60 హెర్ట్జ్‌లో మధ్యపట్టీ దగ్గర సీఆర్‌టీ పెట్టి కొలిచినా 8 దాకా వస్తుంది, 120 పెట్టినా 4 దాటుతుంది. ఇలా కొలిస్తే నువ్వు పుట్టలేవురా. ఎక్కడా లేని నంబర్‌వి. నేతి బీరకాయలోనైనా పేరులో నెయ్యి ఉంది, నీ మీద ల్యాగ్ అన్న మాటే లేదు, ఊరికే 1 ఎంఎస్ అనేసి మిగతాది చూసేవాడే ఊహించుకుంటాడులే అని మూల కూర్చున్నావ్. ఊహించుకున్నాడు కూడా, మా తమ్ముడు. నీ పక్కనే "మోషన్ రేట్ 240" అని ఇంకోడున్నాడు, అసలు ప్యానెల్ చూస్తే 120 హెర్ట్జే, వాడి సంగతి మళ్లీ చూస్తా.

2008లో రాక్ బ్యాండ్ 2 అనే పాటల గేముతో వచ్చిన బొమ్మ గిటార్‌లో లైట్ సెన్సారూ మైకూ పెట్టారు తెలుసా. టీవీ ముందు పట్టుకుంటే అదే ల్యాగ్ కొలిచేసుకుని గేముకి చెప్పేది. ప్లాస్టిక్ గిటార్! పాట గేములకి అది సరిపోతుంది, వచ్చే నోట్ ముందే తెలుసు కాబట్టి ల్యాగ్ ఎంతో తెలిస్తే అంత జరుపుకోవచ్చు. ఫైటింగ్‌లో అవతలివాడు ఏం చేస్తాడో ముందే తెలిస్తే ఇంక ఆడ్డం ఎందుకు. అది వేరే సంగతి, నేననేది ఏంటంటే ఒక ఆటబొమ్మకి ఉన్నపాటి నిజాయితీ ఇంత టీవీకి లేకపోయింది. తన ల్యాగ్ తనకి తెలుసు కదా, ఏ మోడ్‌లో ఎన్ని ఫ్రేములు పట్టుకుంటుందో దాని చిప్‌కి తెలుసు కదా, మెనూలో ఒక లైన్ రాస్తే ఏం పోయింది? బ్రైట్‌నెస్‌కి యాభై మెట్లు పెట్టారు. 2001 నాటి స్మాష్ బ్రదర్స్ మెలీ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లు ఇప్పటికీ టోర్నమెంట్లకి ఆ బరువైన సీఆర్‌టీలు మోసుకుపోతుంటే నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు నవ్వు రావట్లేదు, నడుం బెల్టు ఎక్కడ దొరుకుతుందా అనుకుంటున్నా.

రాత్రి తీర్పు వినిపించా. 113, 14, అన్నీ పేపర్ మీద రాసి చూపించా. "మరి గేమ్ మోడ్ పెట్టుకోవాలి కదన్నా" అన్నాడు తమ్ముడు, శనివారం రాత్రి ఆ మాట వాడికి గుర్తురాలేదు పాపం. తర్వాత అయిదు మ్యాచులాడా, మూడు పోయాయి. డ్రైవ్ ఇంపాక్టులు మాత్రం రెండు సార్లు తిప్పికొట్టా, రెండోసారి అరిచిన అరుపుకి వాడు పక్క గదిలోంచి లేచొచ్చాడు. ఒప్పుకోవాలి, 14 మంచి నంబరే. ఆ 14నే నీ మీద వేసుంటే నేను ముచ్చటపడి కొనేవాణ్ణి, దిష్టి కూడా తీసేవాణ్ణి.

పడుకునే ముందు నిన్ను గోరుతో పీకబోయా. జిగురు మాత్రం నిజమైనదే వేశారు. సగం చిరిగి, 1 నా వేలికి వచ్చేసింది, ఎంఎస్ టీవీకే ఉండిపోయింది. ఖాళీ అయిన చోట మార్కర్‌తో 14 అని రాశా. మా తమ్ముడు దగ్గరకొచ్చి, వంగి, కాసేపు చూశాడు.

"మధ్యలోనా, పైనా?" అన్నాడు.

ఇట్లు,
ఏడు మ్యాచుల బాకీదారు