పిక్కలకు లెక్క కన్నా లోతు ముఖ్యం

పిక్కలు పెరగాలంటే రోజుకు వంద కాఫ్ రెయిజ్‌లు (మడమలెత్తి దించే వ్యాయామం) చాలని ఒక వ్యాసంలో అన్నారు. గబగబా ఎగిరెగిరి చేస్తే చాలా మటుకు పని పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండనే స్ప్రింగులా లాగేస్తుంది, పిక్కకు మిగిలేది తక్కువ. మెట్టు అంచున పాదం ముందు భాగం ఆనించి, మోకాళ్లు వంచకుండా, 3 సెకన్లలో మడమలు మెట్టు కన్నా కిందికి దించండి. అక్కడ 2 సెకన్లు ఆగాలి. కండ బాగా సాగిన ఆ స్థితినే చాలామంది ఎగ్గొడతారు. లేచేటప్పుడు బరువు బొటనవేలి మొదట్లో ఉండాలి. చిటికెన వేలి వైపు ఒరిగితే చీలమండ మెలిక పడొచ్చు. 10-15 చొప్పున 4 సెట్లు, వారానికి 2-3 సార్లు. ఒంటికాలిపై 15 తేలికైతే చేతిలో డంబెల్ పట్టుకోండి.

కూర్చుని చేసే మెషిన్ మీద మోకాలు వంగి, పైకి కనిపించే పిక్క కండ గ్యాస్ట్రోక్నీమియస్ వదులైపోతుంది, పని ఎక్కువగా దాని కింద ఉండే కండ సోలియస్‌దే. ఆ మెషిన్ చివర్లో చాలు. కొత్తవాళ్లు మొదటి వారం 2 సెట్లతో ఆపండి, లేకపోతే మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాలి!