రోగి మాట డాక్టరు దాకా చేరాలి

పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దామె ‘చక్కర్ ఆరే’ అంటుంది. కళ్లు తిరుగుతున్నాయని ఆమె మాట. ఉర్దూ అలవాటు లేని నర్సు చెవికి అది ‘చక్కెర’ అని వినిపిస్తే కేస్ షీటులో షుగర్ అని పడుతుంది. తెలుగు కూలీ ‘వేడి చేసింది సార్’ అంటే, హిందీ మాత్రమే తెలిసిన డాక్టరుకు పక్కనున్నవాళ్లు ‘బుఖార్’ అని చెప్పేస్తారు. ఒంట్లో వేడి చేయడం వేరు, జ్వరం వేరు. ఇలాంటి ఒక్క మాట మనిషిని జీవితాంతం మంచాన పడేయగలదు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడి కుటుంబం స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అంది. తిన్నదేదో పడలేదని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లు మత్తుమందు కేసనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం. అతని కాళ్లూ చేతులూ పడిపోయాయి.

హైదరాబాద్ ఓపీల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇప్పుడు బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన భవన కార్మికులూ ఆ క్యూలోనే నిలబడుతున్నారు. ఆదిలాబాద్ గోండులు, తండాల లంబాడీలు పెద్ద జబ్బు చేస్తే ఇక్కడికే రావాలి. వీళ్ల మాటను డాక్టరుకు చేరవేస్తున్నదెవరు? వార్డు బాయ్, సెక్యూరిటీ గార్డు, పక్క మంచం దగ్గరున్న అటెండెంటు. చాలాసార్లు, బడి మానేసి తల్లి వెంట వచ్చిన పిల్లాడు. తెల్లబట్ట అవుతోందని ఏ తల్లి కొడుకు చేత చెప్పిస్తుంది? నడుము నొప్పి అంటుంది. నొప్పి బిళ్లలు తీసుకుని వెళ్లిపోతుంది. పిల్లల మీద ఈ బరువు పెట్టడం వెంటనే ఆగాలి.

విదేశీ రోగుల కోసం నగరంలోని కార్పొరేట్ ఆస్పత్రులు అరబిక్ దుభాషీలను పెట్టుకుంటున్నాయి. అంటే ఇది నేర్చుకుని, జీతం తీసుకుని చేయాల్సిన పని అని ఈ నగరానికి తెలుసు. నిజాం కాలంలో, 1940లలోనే, గోండు పిల్లలకు గోండీలో చదువు చెప్పేందుకు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఎనభై ఏళ్ల తర్వాత గోండు రోగి ఆస్పత్రిలో తన భాష తెలిసినవాళ్ల కోసం వెతుక్కోవడం మాకు బాధ కలిగిస్తోంది.

భాష కలిసినంత మాత్రాన అన్నీ తెలిసిపోవు. ఆపరేషన్ అయిన మనిషి పప్పు ముట్టడు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఇంట్లో పెద్దవాళ్ల మాట. ప్రొటీన్ బాగా తినమని డాక్టరు తెలుగులోనే చెబుతాడు, రోగి తెలుగులోనే తలూపుతాడు. పథ్యం ఏం చేస్తున్నారని అడిగితే తప్ప ఆ సంగతి బయటికి రాదు. అమెరికాలో సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లో డాక్టర్లకు ఇలాంటి ప్రశ్నలే సూచించారు: ఈ జబ్బును మీరేమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? దీనిలో మీకు అన్నిటికన్నా భయం దేనికి? రోగి ‘గాలి సోకింది’ అన్నా, ‘దిష్టి తగిలింది’ అన్నా, కొట్టిపారేయకుండా ‘అప్పుడేమైంది?’ అని అడిగితే జబ్బు ఎలా మొదలైందో వరసగా చెబుతారు. ఓపీలో వందల మంది ఉంటే ఇదంతా ఎక్కడ కుదురుతుందని డాక్టర్లు అంటారు. వాళ్ల టెన్షన్ మాకు అర్థమవుతుంది. కానీ తప్పు మందు తీసుకుని మళ్లీ అదే క్యూలోకి వచ్చే రోగికి పట్టే సమయం కూడా వాళ్లదే.

2019 నుంచి ఎంబీబీఎస్ మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని ఉంది. అది కాగితం మీద ఆగకుండా, వార్డులో రోగితో మాట్లాడించి పరీక్షించాలి. అనువాదంలో శిక్షణకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉర్దూకు మౌలానా ఆజాద్ యూనివర్సిటీ గచ్చిబౌలిలోనే ఉన్నాయి. వాటి సాయంతో ప్రభుత్వం ముందుగా ఉస్మానియా, గాంధీ, నీలోఫర్ ఆస్పత్రుల్లో దుభాషీ పోస్టులు పెట్టాలి. మహిళా వార్డులకు మహిళలనే తీసుకోవాలి. గోండీ, లంబాడీ, ఒడియా తెలిసినవాళ్లు అన్ని చోట్లా దొరకరు కాబట్టి, బస్తీ దవాఖానా నుంచి కూడా ఫోన్ చేసి స్పీకర్‌లో మాట్లాడించే ఏర్పాటు కావాలి. దుభాషి రోగి పక్కన కూర్చోవాలి. విన్నది కలపకుండా, తగ్గించకుండా చెప్పాలి, గది దాటాక ఎవరితోనూ అనకూడదు. డాక్టరు మాత్రం దుభాషి వైపు కాకుండా రోగి ముఖం చూసి మాట్లాడాలి. లేచే ముందు, ‘ఇంటికెళ్లాక ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అని రోగి చేతనే చెప్పించుకోవాలి.